భుజం నొప్పి తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎందుకొస్తుంది?

చాలామందికి భుజం దెబ్బ సంగతి మొదట తెలిసేది స్నానం చేసి చొక్కా తొడుక్కునేటప్పుడే. ఆదివారం పొద్దున మ్యాచ్ ఆడి, బౌండరీ దగ్గర నుంచి నాలుగైదు గట్టి త్రోలు విసిరి, నొప్పేమీ లేకుండానే ఇంటికొస్తారు. ఒళ్లు చల్లబడ్డాక, ఎడమ చెయ్యి తొడిగేసి కుడి చేతిని వెనక్కి పోనివ్వబోతే జబ్బ పైభాగాన చురుక్కుమంటుంది. సోమవారం సిటీ బస్సులో పైన రాడ్ పట్టుకోబోతే సగం ఎత్తులో పోటు వస్తుంది, చెయ్యిని ఇంకాస్త పైకి లేపేస్తే ఆ పోటు ఉండదు. రెండు వారాలు ఆట మానేస్తే తగ్గిపోతుంది. మూడో ఆదివారం మళ్లీ దిగుతారు, మళ్లీ అదే చొక్కా దగ్గర అదే చురుకు. ఇలా ఏడాది, రెండేళ్లు నెట్టుకొస్తున్న కుర్రాళ్లు, అమ్మాయిలు ప్రతి గ్రౌండ్‌లోనూ, ప్రతి జిమ్‌లోనూ, ప్రతి షటిల్ కోర్టులోనూ ఉన్నారు.

వీళ్లు నిర్లక్ష్యం చేస్తున్నారనుకుంటే పొరపాటు. చెప్పినవన్నీ చేస్తారు. నూనె రాస్తారు, కాపడం పెడతారు, బామ్ పూస్తారు, మాత్రలు వేసుకుంటారు, ఆట మానేస్తారు కూడా. ఇబ్బంది ఏమిటంటే మన ఇళ్లల్లో భుజం నొప్పికి దొరికే సలహా చాలావరకు వేరే వయసు వాళ్ల భుజం చూసి పుట్టింది. నాన్నకో మేనత్తకో యాభై ఏళ్లకు భుజం బిగుసుకుపోయి ఉంటుంది, షుగర్ ఉంటే ఇంకా ఎక్కువ. దాన్నే ఫ్రోజెన్ షోల్డర్ అంటారు, ఎక్కువగా నలభై నుంచి అరవై మధ్య వస్తుంది. అందులో కీలు చుట్టూ ఉండే సంచి లాంటి పొర దళసరెక్కి ముడుచుకుపోతుంది కాబట్టి వాళ్లకు గోడ మీద వేళ్లతో పాకించడం, మెల్లగా సాగదీయడం పనికొస్తాయి. ఇరవై రెండేళ్ల బౌలర్‌కి ఆ జబ్బు ఉండే అవకాశం చాలా తక్కువ. అతని భుజం చాలాసార్లు బిగుసుకుపోవడానికి బదులు వదులై ఉంటుంది, లేదా మోయలేనంత బరువు మోసి అలసి ఉంటుంది. వదులైన కీలును పట్టుకుని ఇంకా సాగదీస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. నొప్పి ఒకచోటే ఉన్నా లోపలి సంగతి వేరు, కాబట్టి మందూ వేరు. ఈ వయసు భుజం గురించి తెలుసుకోవాల్సిన మొదటి ముక్క ఇదే.

భుజం కీలు ఎలాంటిదో అర్థం కావాలంటే స్కూల్లో ఆడిన చెంచా నిమ్మకాయ పందెం గుర్తు తెచ్చుకోవాలి. తుంటి కీలులో తొడ ఎముక తల లోతైన గిన్నెలో కూర్చుని ఉంటుంది, అంత తేలిగ్గా బయటికి రాదు. భుజంలో అలా కాదు. చేతి ఎముక తల నిమ్మకాయంత గుండ్రంగా ఉంటే దాన్ని పట్టుకునే గిన్నె చెంచా లాగా లోతు తక్కువగా ఉంటుంది, ఏ భంగిమలో చూసినా ఆ గుండులో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మాత్రమే గిన్నెకు ఆని ఉంటుంది. అందుకే చేతిని ఇన్ని దిక్కులకు తిప్పగలం, అందుకే అది ఇంత తేలిగ్గా జారిపోతుంది కూడా. ఈ పల్లపు గిన్నె అంచు చుట్టూ లేబ్రమ్ అనే మెత్తటి రింగు గట్టులా ఉండి కాస్త లోతు పెంచుతుంది. ఇక అసలు పని చేసేది రొటేటర్ కఫ్ అనే నాలుగు చిన్న కండరాలు. వీపు మీది రెక్క ఎముక నుంచి బయల్దేరి ఎముక తలను నాలుగు వేళ్లతో పట్టినట్టు పట్టుకుని, చెయ్యి ఎటు తిరిగినా గుండును గిన్నె మధ్యలోనే ఉంచడం వీటి ఉద్యోగం. జిమ్ అద్దంలో కనిపించే పెద్ద కండరాలు చేతిని ఎగరేస్తాయి, అద్దంలో కనిపించని ఈ నాలుగూ కీలును నిలబెడతాయి. పందెంలో చెంచా కూడా నిమ్మకాయతో పాటే కదలాలి కదా, భుజంలోనూ చెయ్యి పైకి లేస్తుంటే వీపు మీది రెక్క ఎముక దాని వెంట తిరగాలి. అది తిరగకపోతే భారమంతా ఆ నాలుగు కండరాల మీదే పడుతుంది.

యువతలో ఎక్కువగా కనిపించే భుజం సమస్యలు రెండు. ఒకటి ఒక్క దెబ్బకి వచ్చేది, భుజం జారడం. గూడ జారింది, గూడ తప్పింది అని పల్లెల్లో అనేది దీన్నే. కబడ్డీలో రెయిడర్ చేతిని పట్టి లాగినప్పుడు, ఫీల్డర్ డైవ్ కొట్టి చెయ్యి చాపి నేల మీద పడ్డప్పుడు, బైక్ మీంచి పడి అరచెయ్యి ఆనించినప్పుడు ఎముక తల గిన్నె ముందుకు దూకేస్తుంది. దూకేటప్పుడు ముందు వైపు లేబ్రమ్ గట్టును చింపుకుంటూ పోతుంది. ఆ చిరుగును 1923లో బ్రిటిష్ సర్జన్ బ్యాంకార్ట్ వివరించాడు కాబట్టి నేటికీ రిపోర్టుల్లో ఆయన పేరే ఉంటుంది. భుజం మళ్లీ లోపలికి కూర్చున్నా, తెగిన గట్టు దాని చోట సరిగ్గా అతుక్కుంటుందన్న నమ్మకం లేదు. అందుకే ఒకసారి జారినది మళ్లీ జారుతుంది, వయసు ఎంత తక్కువైతే అంత ఎక్కువగా. ఎడిన్‌బరోలో 15 నుంచి 35 ఏళ్ల మధ్య వయసున్న 252 మందిని మొదటిసారి భుజం జారిన నాటి నుంచి గమనిస్తే, రెండేళ్లలోపే నూటికి దాదాపు 56 మందికి కీలు మళ్లీ నిలకడ తప్పింది. ఐదేళ్లకు అది 67 దాకా పోయింది. 2006లో అచ్చయిన ఈ లెక్క అందరికంటే ముందు తెలియాల్సింది ఇరవై ఏళ్ల ఆటగాడికి. మన దగ్గర అతనికి సాధారణంగా వినపడే మాట మాత్రం "కూర్చోబెట్టేశారుగా, ఇంకేం ఉంది, మూడు వారాల్లో ఆడుకో" అని.

ఆ కూర్చోబెట్టడం గురించి కూడా ఒక మాట. పుత్తూరు కట్టుకు తరాల నుంచి జనంలో ఉన్న నమ్మకం ఊరికే రాలేదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడాల్సిన పనీ లేదు. కానీ జారిన భుజాన్ని గ్రౌండ్‌లోనే ఫ్రెండ్ కాలు అడ్డం పెట్టి లాగడం, ఎక్స్‌రే లేకుండా ఎవరో ఒకరు మెలి తిప్పడం ప్రమాదం. ఎముక తల పక్కనే చంకలోంచి నరం పోతుంది. ఎముక పెచ్చు ఊడి ఉందో లేదో చేత్తో తెలియదు. జబ్బ బయటి వైపు, పోలీసు యూనిఫాం మీద బ్యాడ్జీ ఉండే చోట, తాకితే తిమ్మిరిగా ఉందా లేదా అన్నది లాగక ముందూ లాగిన తర్వాతా చూడాలి. ఆ చోట స్పర్శ తగ్గిందంటే నరం నలిగిందేమోనని అనుమానించాలి. చెయ్యిని ఒంటికి ఆనించి, టవల్‌తోనో చున్నీతోనో మెడకు వేలాడగట్టి ఆస్పత్రికి తీసుకుపోవడమే ఆ క్షణాన చెయ్యగల మేలు.

రెండో రకం ఒక్క రోజులో రాదు. కఫ్ కండరాలను ఎముకకు కట్టి ఉంచే తాళ్లు, అంటే టెండాన్లు, రోజూ పడే భారానికి అలవాటు పడి ఉంటాయి. ఆ భారం ఒక్కసారిగా రెట్టింపైతే అవి తట్టుకోలేవు. చెయ్యి పక్కకు లేపుతుంటే సుమారు 60 డిగ్రీల దగ్గర మొదలై 120 దాటాక తగ్గే నొప్పి, ఆ పక్కకి పడుకుంటే రాత్రి మెలకువ రావడం, తల దువ్వుకుంటుంటే లాగడం దీని గుర్తులు. భారం ఎలా రెట్టింపవుతుందో చూడాలంటే తెలంగాణలో పోలీసు ఉద్యోగాల సీజన్ చూడాలి. కానిస్టేబుల్ ఫిజికల్ ఈవెంట్లలో మగవాళ్లకు 7.26 కిలోల షాట్‌పుట్ ఉంటుంది, ఆరు మీటర్లు వెయ్యాలి. ప్రిలిమ్స్ దాకా ఏడాది పాటు స్టడీ హాల్లో కుర్చీకి అతుక్కుపోయిన కుర్రాడు, రిజల్ట్ వచ్చిన మర్నాడు గ్రౌండ్‌కి పోయి రోజుకు యాభై సార్లు ఆ ఇనప గుండు విసరడం మొదలుపెడతాడు. రెండో వారానికి భుజం పట్టుకుని కూర్చుంటాడు. భయానికి వారం పూర్తిగా మానేస్తాడు, డేట్ దగ్గరపడుతోందన్న టెన్షన్‌తో మళ్లీ యాభైతో మొదలుపెడతాడు. తప్పు గుండుదీ కాదు, భుజందీ కాదు. సున్నా నుంచి యాభైకి, యాభై నుంచి సున్నాకి ఊగిన ఊపుదే. సంక్రాంతికి ఊళ్లో నాలుగు రోజుల వాలీబాల్ టోర్నమెంట్ ఆడి ఫిబ్రవరంతా బాధపడేవాళ్లది, పెళ్లికి ముందు మూడు నెలల ప్యాకేజీ తీసుకుని బెంచ్ ప్రెస్ మీద వారం వారం ప్లేట్లు పెంచేవాళ్లది కూడా ఇదే కథ.

రెస్ట్ ఎందుకు సరిపోదో ఇక్కడే తెలుస్తుంది. రెస్ట్ నొప్పిని తగ్గిస్తుంది, నిజమే. కానీ రెండు వారాలు చెయ్యి వాడకపోతే ఆ నాలుగు కండరాలు బలం కోల్పోతాయి, టెండాన్ భారం మోసే శక్తి ఇంకా పడిపోతుంది. నొప్పి లేదు కదా అని పాత లెక్కతోనే ఆటకు దిగితే, మునుపటి కంటే బలహీనమైన భుజం మీద మునుపటంత భారమే వేసినట్టు అవుతుంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ రావడం వెనక ఉన్న లెక్క ఇంతే. ఏళ్ల తరబడి భుజంతో బాధపడే యువతలో చాలామంది పూర్తిగా ఆపడం, పూర్తిగా ఆడటం అనే రెండు కొసల మధ్యే తిరుగుతుంటారు. మధ్యలో ఉండాల్సిన మెట్లు ఎవరూ కట్టివ్వరు.

ఈ స్థితిలో సాధారణంగా జరిగేది ఎమ్మారై. స్కాన్ తప్పేమీ కాదు, భుజం జారిన వాళ్లకి అది అవసరం కూడా. కానీ రిపోర్టులో 'పార్షియల్ టేర్' (కొంత మేర చిరిగింది) అనే రెండు మాటలు చూసి ఆట జీవితం అయిపోయిందని కుమిలిపోయే పిల్లల్ని చూస్తే బాధేస్తుంది. ఏ నొప్పీ లేకుండా ఆడుతున్న 20 మంది మేటి ఆటగాళ్ల భుజాలను అమెరికాలో స్కాన్ చేస్తే, బంతి విసిరే చేతి భుజంలో ఎనిమిది మందికి కఫ్‌లో చిరుగులు కనిపించాయి. ఐదేళ్ల తర్వాత అడిగితే వాళ్లలో ఎవరికీ ఆ భుజంలో బాధ రాలేదు. ఇది 2003 నాటి చిన్న అధ్యయనమే, దీన్ని పట్టుకుని ప్రతి చిరుగునూ కొట్టిపారెయ్యకూడదు. అయితే స్కాన్‌లో కనిపించిందే నొప్పికి కారణమని తేల్చడానికి వీల్లేదని మాత్రం దీంతో తెలుస్తుంది. చేత్తో పట్టి, బలం చూసి, ఏ కదలికలో నొప్పి వస్తుందో అడిగి, మెడ కూడా పరీక్షించి, ఆ తర్వాత స్కాన్‌తో సరిపోల్చి చెప్పే డాక్టర్ దొరికితే సగం గెలిచినట్టే. మెడలో నరం ఒత్తుకుపోయినా భుజంలోనే నొప్పి తెలుస్తుంది కనుక మెడ చూడకుండా భుజం తేల్చలేరు.

ఆపరేషన్ సంగతిలోనూ ముందు చెప్పిన రెండు రకాల సమస్యల మధ్య తేడా చూడాలి. భుజం పైన కప్పులా ఉండే ఎముక కొక్కెం కింద టెండాన్ ఒరుసుకుంటోందని, ఆ కొక్కేన్ని కాస్త చెక్కే కీహోల్ ఆపరేషన్ ప్రపంచమంతటా లక్షల మందికి చేశారు. బ్రిటన్‌లో 32 ఆస్పత్రుల్లో 313 మంది మీద చేసిన పరీక్ష 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. కొందరికి నిజంగా ఎముక చెక్కారు, కొందరికి లోపలికి కెమెరా పెట్టి చూసి ఏమీ చెయ్యకుండా కుట్టేశారు, కొందరికి అసలు ఏ చికిత్సా చెయ్యలేదు. చెక్కినవాళ్లకీ, ఊరికే కుట్టేసినవాళ్లకీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందులో ఎక్కువమంది నడివయసు వాళ్లే. అయినా ఇరవైల్లో ఉన్నవాళ్లకి అదే నొప్పికి తొందరపడి కత్తి పెట్టించుకోవడానికి ఇంకా తక్కువ కారణం ఉంది. పదేపదే జారే భుజానిది మాత్రం పూర్తిగా వేరే సంగతి. గట్టు తెగిపోయి ఉంటే ఏ వ్యాయామం దాన్ని తిరిగి కుట్టదు, జారిన ప్రతిసారీ గిన్నె అంచు ఎముక కూడా కొంచెం కొంచెం అరిగిపోతుంది. చిన్న వయసు, చేతులు పట్టి లాగే ఆట, రెండోసారి జారడం, ఈ మూడూ కలిస్తే ఆపరేషన్ గురించి సర్జన్‌తో త్వరగా మాట్లాడటమే మంచిది. వాయిదా వేస్తూ పదిసార్లు జారనిచ్చి వెళ్తే, కుట్టుతో పోయేదానికి ఎముక ముక్క తెచ్చి బిగించాల్సి వస్తుంది.

2021 మార్చి 23న పుణేలో ఇంగ్లండ్‌తో వన్డేలో డైవ్ చేసి శ్రేయస్ అయ్యర్ ఎడమ భుజం దెబ్బ తీసుకున్నాడు. ఏప్రిల్ 8న ఆపరేషన్ అయింది, తిరిగి మ్యాచ్ ఆడింది సెప్టెంబర్‌లో ఐపీఎల్ రెండో భాగం యూఏఈలో జరిగినప్పుడు. ఆపరేషన్ నుంచి దాదాపు ఐదున్నర నెలలు. నవంబర్‌లో కాన్పూర్‌లో న్యూజిలాండ్ మీద మొదటి టెస్టు ఆడి సెంచరీ కొట్టాడు. రోజూ పక్కనే ఫిజియో, అన్ని వసతులూ, వేరే పని ఏమీ లేని ప్రొఫెషనల్‌కే ఇంతకాలం పడితే, కాలేజీకి పోతూ బైక్ నడుపుతూ సాయంత్రం ఒక గంట వ్యాయామం చేసుకునే వాళ్లకి ఆరు నెలలు పట్టినా, అంతకు మించినా ఆలస్యం జరిగిందని కుంగిపోవడానికి లేదు.

ఆపరేషన్ అవసరం లేని వాళ్లకు మిగిలేది వ్యాయామం, అసలు మందు కూడా అదే. చాలాచోట్ల పది రోజులు కరెంట్ పెట్టించుకుని, అల్ట్రాసౌండ్ పెట్టించుకుని తగ్గలేదని వెళ్లిపోతారు. మెషిన్ కింద పడుకున్నంతసేపు హాయిగానే ఉంటుంది, కానీ కండరానికి బలం మెషిన్ ఇవ్వదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది, ఆ వారాల్లో వ్యాయామం చేస్తేనే దానికో అర్థం. టోర్నమెంట్ కోసమని సూది వేయించుకుని నొప్పి తెలియని భుజంతో ఫుల్ స్పీడ్ బౌలింగ్ చెయ్యడం మాత్రం ఎవరూ చెయ్యకూడని పని. పెయిన్ కిల్లర్లదీ అంతే. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగ్గా తాగకుండా రోజూ మాత్ర వేసుకుని ఆడితే దెబ్బ కిడ్నీ మీద పడుతుంది.

వ్యాయామానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. పాత సైకిల్ ట్యూబ్ ఒకటి కోసి కిటికీ ఊచకు నడుము ఎత్తులో కట్టండి. మోచెయ్యిని 90 డిగ్రీలు వంచి పక్కటెముకలకు ఆనించండి, మోచేతికీ ఒంటికీ మధ్య చిన్న టవల్ మడత పెట్టుకుంటే అది కింద పడకుండా చూసుకోవడమే సగం పాఠం. ఇప్పుడు ముంజేతిని తలుపు తెరిచినట్టు బయటికి లాగి, మూడు లెక్కపెట్టేంత నెమ్మదిగా లోపలికి రానివ్వాలి. లాగేటప్పుడే కాదు, రానిచ్చేటప్పుడూ కండరానికి పని ఉంటుంది, చాలామంది అక్కడే ట్యూబ్‌ని వదిలేస్తారు. పది పన్నెండు సార్లు, రోజు విడిచి రోజు, మూడు విడతలు. మొదట్లో అంత నొప్పిగా ఉంటే కదలిక లేకుండా చేతి వెనక భాగాన్ని గోడకు ఆనించి నొక్కి పట్టడంతో మొదలుపెట్టొచ్చు. తర్వాత అదే ట్యూబ్‌ని రెండు చేతులతో తెడ్డు లాగినట్టు వెనక్కి లాగుతూ రెక్క ఎముకల్ని దగ్గరికి చేర్చడం, గోడ మీద పుషప్‌లు, వాటి తర్వాత బల్ల మీద, ఆ పైన నేల మీద. అన్నిటికంటే చివర్న మాత్రమే చెయ్యి తల పైన ఉండేవి, విసిరేవి. ఏది ఎంత అన్నది ఒక్కసారైనా ఫిజియోథెరపిస్ట్ దగ్గర చూపించుకుని మొదలుపెట్టాలి, ముఖ్యంగా భుజం జారిన చరిత్ర ఉంటే. చెయ్యిని పక్కకు చాపి వెనక్కి వంచే భంగిమ, అంటే బంతి విసరబోయే ముందు ఉండే భంగిమ, జారిన భుజానికి అన్నిటికంటే ప్రమాదకరమైంది.

ఎంత నొప్పి వరకు పర్లేదు అన్న ప్రశ్న అందరికీ వస్తుంది. అస్సలు నొప్పి లేకుండా చెయ్యాలంటే ఎప్పటికీ మొదలవదు, నొప్పిని లెక్కచెయ్యకుండా చేస్తే ఎప్పటికీ తగ్గదు. పదికి మూడు, నాలుగు మార్కుల లోపు నొప్పి ఉండి, మర్నాడు పొద్దున్నకల్లా మామూలు స్థితికి వచ్చేస్తే భారం సరిపోయినట్టు. మర్నాడు పొద్దున చొక్కా తొడుక్కునేటప్పుడు నిన్నటికంటే ఎక్కువ చురుక్కుమంటే నిన్న ఎక్కువైందని అర్థం, ఒక మెట్టు దిగాలి కానీ మెట్లన్నీ దిగి రోడ్డు మీదికి రాకూడదు. టెండాన్ బలపడటానికి కనీసం పన్నెండు వారాలు ఇవ్వాలి. మూడో వారంలో నొప్పి బాగా తగ్గి ఇక అయిపోయిందనిపిస్తుంది, ఎక్కువమంది మానేసేది అక్కడే.

భుజం బాగుపడేది భుజం వ్యాయామాలతోనే అనుకోవడం కూడా సగమే నిజం. టెన్నిస్ సర్వ్ మీద చేసిన లెక్కల ప్రకారం బంతికి చేరే శక్తిలో సగానికి పైగా కాళ్లు, తుంటి, నడుముల నుంచే పుడుతుంది, భుజం దాన్ని దాటించే వంతెన లాంటిది. అమలాపురం కుర్రాడు, బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ 2023 ఏప్రిల్‌లో జపాన్‌లో కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్లు, గిన్నిస్ రికార్డు. ఆ దెబ్బ చేతిలోంచే వచ్చిందనిపిస్తుంది గానీ అంత వేగానికి మొదలు నేలను తన్నిన కాళ్ల దగ్గరే ఉంది. అలాంటి సాత్విక్ కూడా మరుసటి ఏడాది ఏప్రిల్‌లో భుజం గాయంతో ఆసియా చాంపియన్‌షిప్స్ నుంచి తప్పుకున్నాడు, మేలో తిరిగొచ్చి డబుల్స్ జోడీ చిరాగ్‌తో కలిసి థాయిలాండ్ ఓపెన్ గెలిచాడు. ఒలింపిక్స్ ముందర పెద్ద టోర్నీ వదులుకోవడానికి ఎంత నిగ్రహం కావాలో ఆటగాళ్లకే తెలుస్తుంది. తుంటి బిగుసుకుపోయి, కాళ్లలో బలం లేని ఆటగాడు అదే వేగం కోసం భుజాన్ని పిండుకుంటాడు. కాబట్టి చెయ్యి కట్టు కట్టి ఉన్నా స్క్వాట్లు, స్టేషనరీ సైకిల్, పొట్ట వ్యాయామాలు ఆపకూడదు. బాగున్న చేతికి బలం వ్యాయామాలు చేసినా కట్టులో ఉన్న చెయ్యి కొంత బలం నిలుపుకుంటుందన్నది చాలా అధ్యయనాల్లో తేలిన విషయం.

రాకుండా చూసుకోవడానికీ పెద్ద ఖర్చు లేదు. నార్వేలో 45 హ్యాండ్‌బాల్ టీముల్లోని 660 మంది మీద చేసిన పరీక్షలో, వార్మప్‌లో భాగంగా వారానికి మూడుసార్లు పది నిమిషాల భుజం వ్యాయామాలు చేసిన టీముల్లో భుజం సమస్యల ముప్పు 28 శాతం తగ్గింది. మన అకాడమీల్లో, కాలేజీ గ్రౌండ్లలో వార్మప్ అంటే రెండు రౌండ్ల పరుగు, చేతులు నాలుగుసార్లు గుండ్రంగా తిప్పడం. ఆ పది నిమిషాలు ఎవరో ఒక కోచ్ చేర్చుకుంటే ఎంతమంది పిల్లలు ఆటలో మిగులుతారో! పదకొండు నుంచి పదహారేళ్ల లోపు ఫాస్ట్ బౌలర్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. వాళ్లలో ఎముక పెరిగే చోటు ఇంకా గట్టిపడి ఉండదు, అతిగా విసిరితే దెబ్బ అక్కడ తగులుతుంది. ఆ వయసులో విసిరినప్పుడల్లా నొప్పి అంటే కండరం పట్టిందిలే అనుకోకుండా ఎక్స్‌రే తీయించాలి.

వయసు చిన్నదే కదా అని వదిలెయ్యకూడని గుర్తులు ఇంకొన్ని ఉన్నాయి. దెబ్బ తర్వాత చెయ్యి అసలు లేపలేకపోవడం, చేతిలో తిమ్మిరి, భుజం వేడిగా ఎర్రగా వాచి జ్వరం రావడం, గడ్డలా తగలడం, ఏ పక్కకి తిరిగినా తగ్గకుండా రాత్రంతా వేధించే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం. వీటిలో ఏది ఉన్నా ట్యూబ్ వ్యాయామం పక్కన పెట్టి ముందు డాక్టర్ దగ్గరికి పోవాలి.

రోజువారీ పనుల్లో చిన్న మార్పులు అనుకున్నదానికంటే ఎక్కువ సాయం చేస్తాయి. చొక్కా తొడిగేటప్పుడు నొప్పి ఉన్న చెయ్యి ముందు, విప్పేటప్పుడు దాన్ని ఆఖర్న. బస్సులో పై రాడ్ బదులు సీటు పక్క కమ్మీ. రాత్రి బాగున్న పక్కకి తిరిగి, ముందు ఒక దిండు పెట్టుకుని నొప్పి చెయ్యి దాని మీద వాల్చుకుంటే భుజం ముందుకు వేలాడదు, నిద్ర పడుతుంది. నిద్ర పట్టని వాళ్లకి నొప్పి ఇంకా ఎక్కువ తెలుస్తుంది కాబట్టి ఈ దిండు విషయం తేలిగ్గా తీసుకోవద్దు.

శరీరం కంటే కష్టమైన భాగం ఒకటుంది. కాలు విరిగితే కట్టు కనిపిస్తుంది, పదిమంది పలకరిస్తారు. భుజం నొప్పి ఎవరికీ కనపడదు. టీమ్‌లో "వీడు ఎప్పుడూ ఏదో ఒకటి చెప్తాడు" అంటారు, ఇంట్లో "ఆటలు మానేసి చదువుకోవడానికి దేవుడే దారి చూపించాడు" అంటారు. సాయంత్రం ఐదింటికి గ్రౌండ్‌కి పోవడమే రోజంతటికీ ఆధారమైన పిల్లాడికి ఆ ఐదింటికి గదిలో కూర్చోవడం ఎంత నరకమో పెద్దవాళ్లు గుర్తించాలి. ఆ ఖాళీని భరించలేకే చాలామంది ముందే ఆటకు దిగి మళ్లీ దెబ్బ తీసుకుంటారు. అందుకే గాయం ఉన్న రోజుల్లోనూ గ్రౌండ్‌కి పోవడం మానకూడదు. స్కోర్ రాయొచ్చు, అంపైరింగ్ చెయ్యొచ్చు, జూనియర్లకు క్యాచ్‌లు ఇవ్వొచ్చు, తన పరుగు తను పెట్టుకోవచ్చు. కోచ్‌కి "నొప్పిగా ఉంది" అని చెప్పడం కంటే "ఈ వారం ముప్పై అడుగుల దూరం దాకా విసరొచ్చు, ఇరవై త్రోలు" అని చెప్తే అతనికీ ఏం చెయ్యాలో తెలుస్తుంది. ఒకసారి జారిన వాళ్లకి చెయ్యి పైకెత్తితేనే గుండె ఝల్లుమనడం పిరికితనం కాదు, మెదడు కాపలా కాస్తోంది. చిన్న చిన్న త్రోలు వందల సంఖ్యలో ఏ ఇబ్బందీ లేకుండా వేశాకే ఆ భయం పోతుంది.

తిరిగి ఆడటానికి తేదీ చూసుకోవడం కంటే భుజాన్నే అడగడం నయం. రెండు చేతులూ ఒకే ఎత్తుకు నొప్పి లేకుండా లేవాలి. ట్యూబ్ బయటికి లాగే బలం రెండు వైపులా ఇంచుమించు సమానంగా ఉండాలి. విసిరే భంగిమలో చెయ్యి పెడితే జారిపోతుందేమోనన్న జంకు రాకూడదు. అప్పుడు కూడా మొదటి వారం టెన్నిస్ బంతితో, దగ్గర దూరంలో, సగం వేగంతో ఇరవై త్రోలు, రోజు విడిచి రోజు. మర్నాడు పొద్దున చొక్కా దగ్గర చురుకు లేకపోతే రెండో వారం దూరం పెంచాలి, వేగం అలాగే ఉంచాలి. ఆ తర్వాత వేగం. దూరం, వేగం, త్రోల లెక్క, మూడింటినీ ఒకే వారంలో పెంచకూడదు. మ్యాచ్‌లోకి వచ్చాక తొలి రెండు మూడు ఆదివారాలు కెప్టెన్‌ని ముందే అడిగి స్లిప్‌లో నిలబడటం మంచిది. అక్కడ క్యాచ్ వస్తే పట్టొచ్చు, బంతి దొరికితే కీపర్‌కి చేతి కింద నుంచి అందించొచ్చు, బౌండరీ నుంచి విసిరే పని ఇంకొకరు చూసుకుంటారు.